ఈ దుమ్ము ఎవరి ఖాతాలో?

ఒకరి సొమ్ము అన్యాయంగా తిన్నవాడు దాన్ని తిరిగి ఇవ్వనిదే అతని తౌబా పూర్తి కాదు. ఈ సంగతి మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. సొమ్ముకు యజమాని ఉంటాడు, లెక్క ఉంటుంది. మరి ఒకరి ఊపిరితిత్తుల్లోకి మనం పంపిన దుమ్ము మాటేమిటి? ఎవరి యంత్రం నుంచి లేచిన రేణువు ఎవరి గుండెల్లో దిగిందో తేల్చలేనప్పుడు ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

కృష్ణాతీరంలో నివసించే మనకు ఇది కేవలం పుస్తకాల ప్రశ్న కాదు. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే రహదారిలో ఇబ్రహీంపట్నం దాటితే దొనబండ, పరిటాల, కంచికచర్ల పరిసరాల్లో రాతి క్వారీలు, క్రషర్లు కనిపిస్తాయి. కొండను పేల్చినప్పుడు కొంత, రాయిని కంకరగా నలగ్గొట్టినప్పుడు కొంత, పట్టా కప్పని లారీల నుంచి కొంత దుమ్ము లేస్తుంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విజయవాడ కూడా చేరింది.

కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. అసలు ముప్పు కనిపించని దానితోనే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల లోపు రేణువు గొంతు దాటి శ్వాసనాళాల్లోకి పోతుంది, 2.5 మైక్రాన్ల లోపుది ఊపిరితిత్తుల చివరిదాకా చేరుతుంది. రాతి దుమ్ములోని సిలికాను ఏళ్ళ తరబడి పీల్చిన కార్మికులకు సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. అది క్షయవ్యాధి ముప్పును కూడా పెంచుతుంది. చుట్టుపక్కల నివసించేవారికి చేరే దుమ్ము కార్మికునికంటే తక్కువే కావచ్చు. కాని కార్మికుడు పని ముగించి వెళ్తాడు. ఊరివారు రేయింబవళ్ళు అక్కడే ఊపిరి తీసుకోవాలి. వారిలో పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసరోగులు ఉంటారు.

మన ధర్మవేత్తలు (ఫుఖహా) క్రషర్లను చూడలేదు, కాని దుమ్మును చూశారు. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో, 1869-76 మధ్య, హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా సంకలనమైన 'మజల్లా' 1200వ నిబంధనలో ఒక ఉదాహరణ ఉంది. ఒకడు పొరుగువాని ఇంటి దగ్గర కొత్తగా కళ్ళం వేసుకున్నాడు. ఆ దుమ్ముకు ఇంటివారు నివసించలేని స్థితి వస్తే ఆ హానిని తొలగించి తీరాలి. డెల్టా రైతుకు దీన్ని వివరించనక్కర లేదు. తూర్పారబట్టేవాడు గాలి ఎటు వీస్తోందో చూసుకునే నిలబడతాడు. కళ్ళం హలాలే, ధాన్యం హలాలే. అయినా దుమ్ము పొరుగువాని హక్కును తాకగానే ధర్మం అడ్డుపడింది. అంటే తప్పు వృత్తిలో లేదు. దాని హానిని ఇతరుల మీదికి నెట్టడంలో ఉంది.

"ఇన్ని క్రషర్లలో నాదొక్కటి, నా దుమ్ము ఎంత?" అని కొందరు అనవచ్చు. పదిమంది కలిసి ఊరి బావిలో తలా పిడికెడు విషం వేస్తే, నా పిడికిలితో ఎవరూ చావలేదని ఏ ఒక్కడూ తప్పించుకోలేడు. న్యాయస్థానానికి రుజువు కావాలి, అల్లాహ్‌కు అక్కరలేదు. జిల్జాల్ సూరా రవ్వంత చెడుకు కూడా లెక్క ఉందని హెచ్చరిస్తోంది. అక్కడి 'జర్రా' అనే పదానికి వెలుగురేఖలో తేలే ధూళికణమని కూడా వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు.

"యంత్రాలు ఆపితే ఎందరి పొయ్యి ఆరిపోతుందో తెలుసా?" అన్నది బరువైన ప్రశ్న. ఇళ్ళకు, రోడ్లకు కంకర కావాలి. డ్రైవర్లు, కూలీలు, మెకానిక్కులుగా ఎన్నో కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. అయితే హానిని తొలగించడమంటే పని మూసేయడమే కాదు. నీళ్ళు చిమ్మడం, కన్వేయర్లను కప్పడం, గాలికి అడ్డుగోడ కట్టడం, దారిని తడపడం, లారీకి పట్టా కప్పడం అందరికీ తెలిసిన పద్ధతులే. వీటికి ఖర్చవుతుంది. ఆ ఖర్చును ఎగ్గొట్టి మిగిల్చుకున్న లాభం పొరుగువాని ఊపిరి నుంచి అడగకుండా తీసుకున్న అప్పు. సంపాదన మొత్తం హరామ్ అని మేము అనడం లేదు. అందులో ఇతరుల అప్పు ఉందని మాత్రమే అంటున్నాము.

ఆ అప్పును మసీదుకు ఇచ్చిన చందాతోనో, ఏడాదికొక వైద్యశిబిరంతోనో తీర్చవచ్చా? హక్కుదారులు ఎవరో తెలియనప్పుడు వారి పేర దానం చేయమని ధర్మవేత్తలు చెప్పిన మాట నిజమే. ఇక్కడ హక్కుదారులు తెలియనివారు కారు, ఊరు కళ్ళెదుటే ఉంది. పైగా చేస్తున్న తప్పును ఆపడం తౌబాకు మొదటి షరతు. దుమ్ము లేస్తూనే ఉంటే దానం తౌబా ఎలా అవుతుంది? నమాజులు, రోజాలు, జకాత్‌తో వచ్చి కూడా, ఇతరులను బాధించిన కారణంగా ప్రళయదినాన ఆ పుణ్యమంతా వారికి పంచి దివాళా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది.

ఈ లెక్క యజమానులకే పరిమితం కాదు. ఆ కంకరతోనే మన ఇళ్ళు, మసీదులు లేస్తున్నాయి. పట్టా కప్పిన లారీనే పంపమని అడగడం మసీదు కమిటీకి కష్టం కాదు. బాధితులు కూడా మౌనాన్ని సబర్ అనుకోరాదు. స్వచ్ఛమైన గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయడం పగ కాదు; పొరుగువాడిని ఆ దివాళా నుంచి కాపాడడం కూడా.

దాసుల హక్కుల భారం మోస్తూ తన ముందు నిలబడే దుస్థితి నుంచి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.