తెగిన చెప్పు – విరిగిన ఫోర్కు

మా పల్లెలో దెబ్బ తగిలిన మనిషికి రెండే మాటలు చెప్పేవాళ్ళు. ఒకటి ఖర్మ. రెండోది, ఎవరన్నా పెద్దమనసు చేసుకుంటే, సాయం. నష్టపరిహారం అనే మాట నేను పేపర్లో చదివానే గానీ మా ఇళ్ళల్లో ఎవరి నోటా వినలేదు. గోడ కూలి కాలు విరిగినా ఖర్మే. పురుగుమందు కొడుతూ పొలంలో పడిపోయినా ఖర్మే. ఖర్మ అన్నాక ఇక నిలదీయాల్సిన మనిషి ఉండడు. నిలదీయించుకోవాల్సిన వాళ్ళకి అంతకంటే హాయైన సిద్ధాంతం ఇంకొకటి లేదు.

2021 ఆగస్టులో మా అయ్య సైకిలు ముందు ఫోర్కు విరిగి పడ్డాడు. ఆయన తాపీపని చేస్తాడు. పొద్దున్నే అన్నం క్యారేజీ తగిలించుకుని పక్కూరు పనికి పోతున్నాడు. గుంట లేదు, అడ్డం ఎవరూ రాలేదు. హ్యాండిల్ చేతిలోనే ఉండిపోయింది, చక్రం విడిపోయింది. మొహం మీద పడ్డాడు. ముందు పళ్ళు మూడు పోయాయి. కుడి మణికట్టు విరిగింది. అది అతుక్కుంది గానీ బొటనవేలు మాత్రం తాపీ మీద బిగియడం మానేసింది. సైకిలు కొని ఎనిమిది నెలలు. కొన్నది నేను, బిల్లు నా పేర ఉంది.

విరిగిన ముక్కని మా ఊరి సైకిలు షాపు సాయిబుకి చూపించాను. ఎండలో తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఆ పూట విరిగింది కాదు మాస్టారూ. ఈ సగం చూడండి, నల్లగా తుప్పు. ఈ సగం తెల్లగా మెరుస్తా ఉంది. అంటే సగం ఎప్పుడో చీలింది, మిగతా సగం ఆ రోజు తెగింది. అతుకు దగ్గరే లోపం" అన్నాడు. ఇనుముకి అబద్ధం రాదు. మా ఇంట్లో ఒక దెబ్బకి ఖర్మ గాక కారణం దొరకడం అదే మొదలు.

ఆ ముక్క పట్టుకుని, అయ్యని వెంటబెట్టుకుని, సైకిలు కొన్న టౌను షాపుకి పోయాను. షాపాయన నన్ను "కూచోండి మాస్టారూ" అన్నాడు. నాకంటే పాతికేళ్ళు పెద్దయిన మా అయ్యని "ఏరా, బస్తాలేమన్నా ఏసినావా?" అన్నాడు. ఆఖరికి, "ఆ ముక్క ఇచ్చేయండి, కంపెనీకి పంపి కొత్త ఫోర్కు వేయిస్తా. ఆసుపత్రి ఖర్చుకి నా తరఫున రెండు వేలు సాయం చేస్తా" అన్నాడు. మా అయ్య చేతులు దణ్ణానికి లేస్తున్నాయి, కట్టు కట్టిన చెయ్యి కూడా.

నన్ను ఆ దణ్ణం పట్టుకుంది. సాయంగా ఇచ్చే రెండు వేలకీ పరిహారంగా ఇచ్చే రెండు వేలకీ నోట్లలో తేడా లేదు. ఉన్నదల్లా దణ్ణం దగ్గరే. సాయం తీసుకున్నవాడు రుణపడతాడు. పరిహారం ఇచ్చినవాడు రుణం తీర్చుకుంటాడు. ఎవరు ఎవరికి బాకీ అన్నది అక్కడ తలకిందులవుతుంది. ముక్క ఇవ్వకుండా వచ్చేశాను. మా అమ్మ దాన్ని పాతగుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచింది.

ఇంటికొచ్చాక మా అయ్య అడిగిన మాట నన్ను చాన్నాళ్ళు నిద్ర పోనీలేదు. "వాళ్ళు కావాలని చెయ్యలేదు గదరా అబ్బాయా. ఎక్కడో ఫ్యాక్టరీ. ఎవుడో అతుకేశాడు. కావాలని చెయ్యనోడి మీద కేసేంది?" ఇది తేలిక ప్రశ్న కాదు. కావాలని చేస్తే నేరం. కావాలని చేయకపోతే? ఆ దెబ్బ ఎవరి ఖాతాలో పడాలి?

దీనికి జవాబు నాకు మా తాత దగ్గర దొరికింది. మా తాత చెప్పులు కుట్టేవాడు. మోటకి తోలు తొండం కూడా కుట్టేవాడు. దానికి కూలి లేదు, కల్లంలో మేర. ఏడాది పొడుగునా చెప్పు తెగితే మళ్ళీ కుట్టాల్సిందే. నీళ్ళు తోడుతుంటే తొండం తెగిందా, పైరుకి నీళ్ళు ఆగాయని కామందు కల్లంలో మేర తగ్గించేవాడు. పెళ్ళిలో కొత్తచెప్పు వారు ఊడిందని మా తాతని పిలిపించి ఆ చెప్పుతోనే కొట్టారని మా నాయనమ్మ చెప్పేది. "తోలు పచ్చిది దొరా, కావాలని చెయ్యలేదు" అంటే విన్నవాళ్ళు లేరు. చేసినవాడు చేసిన వస్తువుకి పూచీ పడాలన్న ధర్మం ఈ దేశానికి కొత్త కాదు. కాకపోతే దాన్ని మాదిగ, కుమ్మరి, చాకలి మీదే నడిపించారు. తెగిన చెప్పుకి మా తాత ఒళ్ళప్పగించి జవాబు చెప్పాడు. విరిగిన ఫోర్కుకి కంపెనీ కాగితం మీద కూడా జవాబు చెప్పనక్కర్లేదా? మేం కంపెనీని కొట్టమనడం లేదు. ఆ పూచీలోంచి కులాన్ని తీసేయమంటున్నాం.

కోర్టులు కూడా ఈ మాట ఆలస్యంగానే నేర్చుకున్నాయి. ఒకప్పుడు ఇంగ్లీషు చట్టంలో, కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్యే లెక్క. తయారుచేసినవాడు మధ్యలో లేడు. 1916లో న్యూయార్క్ కోర్టు దాన్ని దాటింది. కారు చక్రం చెక్క పుల్లలు విరిగి మెక్‌ఫర్సన్ అనే ఆయన పడ్డాడు. చక్రం వేరే కంపెనీ చేసిందని కారు కంపెనీ అంటే, బిగించి అమ్మినవాడివి నువ్వే, చూసుకోవాల్సిందీ నువ్వేనంది కోర్టు. 1928లో స్కాట్లండ్‌లోని పైస్లీలో డోనహ్యూ అనే పేదరాలు తాగిన అల్లం పానీయం సీసాలో కుళ్ళిన నత్త ఉందని దావా వేసింది. సీసా కొన్నది కూడా ఆమె కాదు, స్నేహితురాలు. కోర్టు ఖర్చులు పెట్టుకోలేని పేదరాలినని అనుమతి తెచ్చుకుని ప్రభువుల సభ దాకా పోయింది. 1932లో ముగ్గురు న్యాయమూర్తులు ఆమె వైపు, ఇద్దరు అటు. అందులో లార్డ్ అట్కిన్ బైబిల్లోని పొరుగువాడి ప్రశ్ననే తెచ్చి చట్టంలో పెట్టాడు. నా పని వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో నేను ముందే ఆలోచించాల్సి ఉందో, వాళ్ళే నా పొరుగువాళ్ళని ఆయన వాదం.

మా పల్లె చర్చిలో మంచి సమరయుడి కథ చిన్నప్పటి నుంచీ విన్నాం. ఊరికి కూతవేటు దూరంలో ఉండి కూడా ఊరికి పొరుగువాళ్ళం కాలేకపోయాం. ఎక్కడో ఉత్తరాదిన అతుకేసే ఫ్యాక్టరీకి మాత్రం మా అయ్య పొరుగువాడేనని చట్టం ఒప్పుకుంటోంది. దీన్ని చిన్న సంగతని నేననుకోను.

మన దేశంలో 1986 వినియోగదారుల చట్టం పోయి 2019 చట్టం వచ్చింది, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. వస్తువు లోపం వల్ల ఒంటికి దెబ్బ తగిలితే తయారీదారుని, అమ్మకందారుని అడిగే అధ్యాయమే అందులో ఉంది. కొన్నవాడి అనుమతితో వాడుకునేవాడూ వినియోగదారుడే. అందుకని బిల్లు నా పేర ఉన్నా పడ్డ మా అయ్యకి హక్కుంది. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. వస్తువు వెల ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వేయాలి. 2022లో వేశాం.

అవతలివాళ్ళ జవాబొచ్చింది. దుర్వినియోగం చేసిన వస్తువుకి అమ్మినవాడి మీద దావా చెల్లదని 87వ సెక్షన్‌లో ఉంది. షాపాయన వకీలు దాన్ని పట్టుకున్నాడు. సైకిలు ఒక మనిషి తొక్కడానికట, బరువులు మోయడానికి కాదట. ఈ దేశంలో పాలక్యాన్లు, గడ్డిమోపులు, గ్యాసుబండలు దేని మీద పోతున్నాయో సైకిళ్ళు చేసేవాళ్ళకి తెలియదా? క్యారియర్ బిగించి అమ్మింది దేనికి? పైగా డబ్బాలో ముక్కలుగా వచ్చిన సైకిలుని బిగించింది ఆ షాపులోనే. బిగించేటప్పుడు, పరీక్షించేటప్పుడు జాగ్రత్త తీసుకోని అమ్మకందారుడూ బాధ్యుడేనని దాని ముందు సెక్షనే చెబుతోంది. కమిషన్ ఆ ముక్కని ల్యాబుకి పంపింది. సాయిబు ఎండలో చెప్పిందే ల్యాబు ఇంగ్లీషులో చెప్పింది.

ఆ తర్వాత వెల దగ్గరికొచ్చాం. మా అయ్య రోజు కూలి ఎంత, ఎన్ని రోజులు పోయాయి, చేతిలో ఎంత శాతం పోయింది అని లెక్క. పనిలో దెబ్బ తగిలిన కూలీల కోసం చేసిన 1923 చట్టంలో బొటనవేలు పోతే సంపాదన శక్తి 30 శాతం పోయినట్టని పట్టిక ఉండేది. చదువుతుంటే ఏకలవ్యుడు గుర్తొచ్చాడు. అతని వేలికి శాతం కూడా కట్టలేదు, పైగా దానికి దక్షిణ అని పేరు పెట్టారు. ఆ లెక్కన పట్టిక మేలే. కానీ ఒక చిక్కుంది. పరిహారం అంటే దెబ్బకి ముందున్న స్థితికి మనిషిని చేర్చడం. దెబ్బకి ముందు మా అయ్య స్థితి న్యాయమైనదా? తక్కువ కూలి ఇచ్చిన సమాజమే ఆ కూలిని కొలబద్దగా పెట్టి చేతికి వెల కడితే, మొదటి అన్యాయం రెండోదానికి సాక్ష్యమవుతుంది. ఈ చిక్కుని ఏ కమిషనూ తీర్చలేదు. అది ఉద్యమం తీర్చాల్సిన బాకీ.

ఒక కార్యకర్త మిత్రుడు అడిగాడు: "కారంచేడు, చుండూరు చూసిన జాతివి, సైకిలు ఫోర్కు గురించి రాస్తావేంది?" 1985, 1991 నాకూ తెలుసు. అందుకే రాస్తున్నాను. మనవాళ్ళని చంపినప్పుడు ప్రభుత్వాలు ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తాయి. ఆ లాటిన్ మాటకి దయతో ఇచ్చేదని అర్థం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల ప్రకారం బాధితులకి అందాల్సింది మాత్రం దయ కాదు, హక్కు. అయినా చెక్కు చేతిలో పెట్టి ఫొటో తీస్తారు, వెనక నుంచి రాజీ మాట్లాడతారు. డబ్బు తీసుకుంటే కేసు పోయినట్టు కాదని, డబ్బూ శిక్షా రెండూ మన బాకీలేనని చెప్పగలగాలంటే చిన్న విషయాల్లో కూడా దణ్ణం పెట్టకుండా అడగడం అలవాటు కావాలి. ఫోర్కు దగ్గర నోరు రానివాడికి కోర్టు బోనులో నోరు రాదు.

2024లో సైకిలు వెల, వైద్యం ఖర్చు, చేతికి కొంత మొత్తం ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. చట్టం ప్రకారం సగం డబ్బు జమచేసి కంపెనీ రాష్ట్ర కమిషన్‌కి పోయింది. కేసు ఇంకా అక్కడే ఉంది. మధ్యలో ఎన్ని వాయిదాలు, ఎన్ని బస్సు చార్జీలు, ఎన్ని రోజుల కూలి! వాటికి పట్టిక లేదు.

మా అయ్య ఇప్పుడు గోడ కట్టలేడు. మాలు కలిపే దగ్గర నిలబడి కుర్రాళ్ళకి చెబుతుంటాడు. చేతికేమైందని ఎవరన్నా అడిగితే మునుపట్లా ఆకాశం వైపు చూడడు. "ఫోర్కు అతుకులో లోపం. కేసు నడస్తా ఉంది" అంటాడు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా మాట ఒక్కటే. ఇంట్లో ఏది కొన్నా బిల్లు దాచండి. విరిగిన ముక్కని ఎవరికీ ఇవ్వకండి.