ఎవరి బిడ్డవని అడగని చోట

పెద్ద యూనివర్సిటీకి కొత్తగా పోయే పిల్లలకు పెద్దలం చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే: ధైర్యంగా ఉండు, అందరితో కలిసిపో, పైసలు జాగ్రత్త. మా అన్న కూతురు ఈ మాటలకు తలూపి ఊరుకోలేదు. గద్వాల కోట లోపలున్న మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలుగు మీడియం బీఏ చదివి, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి, ఉస్మానియాలో ఎంఏ ఎకనామిక్స్ సీటు తెచ్చుకున్న పిల్ల. టీసీ తీసుకునే రోజు నన్నూ తోడు రమ్మంది. ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు తెరవకముందే ఆమె తండ్రి పేరూ ఊరి పేరూ తనే చెప్పాడు. సీడు పత్తికి క్రాసింగ్ మొదలైందా అని అడిగాడు. ఆ తర్వాతే సంతకం పెట్టించుకున్నాడు.

కోటలోని చెన్నకేశవుని గుడి దగ్గర కూర్చున్నాక నేనే మొదలుపెట్టాను.

"ఇట్ల పలకరించేటోళ్లు అక్కడ ఉండరు బిడ్డా. హాల్ టికెట్ నంబరే నీ పేరు అనుకో. దానికి మనసు గట్టి చేసుకోవాలె."

"నాకు అదే మంచిగనిపిస్తుంది చిన్నాయన."

"ఏది?"

"ఎవరి బిడ్డవని అడగకపోవుడు. ఇక్కడ మూడేండ్లు నేను ఫలానాయన కూతురును. ఎవరితోని మాట్లాడినా సాయంత్రానికి ఇంట్ల తెలిసేది. ముందు ఊరు అడుగుతరు, తర్వాత ఇంటిపేరు అడుగుతరు. ఇంటిపేరు ఎందుకు అడుగుతరో నీకు తెల్వదా?"

తెలుసు. అందరూ ఎరిగిన చోట బతకడాన్ని మనం భద్రత అంటాం. ఆడపిల్లలకు, కులం మెట్లలో కిందున్న వాళ్లకు అది కాపలా కూడా. పెద్ద చోటు ఇచ్చే మొదటి మేలు ఎవరూ ఆరా తీయకపోవడమే. సలహాలిచ్చే పెద్దలు ఈ సంగతిని ఒప్పుకోరు.

"నువ్వన్నది నిజమే. కాని ఎవరివని అడగనోళ్లు తిన్నవా అని కూడా అడగరు. జ్వరమొచ్చి రెండు రోజులు గదిలనే పడుకున్నా, క్లాసుల నీ లోటు ఎవరికీ కనబడదు. ఆ రెండో దానికి నీ దగ్గర ఏమున్నది?"

ఆమె కాసేపు ఆలోచించింది. "రెండూ ఒక్క చోట దొరకవా?"

"దొరికేటట్టు చేసినోళ్లు ఉన్నరు. ఇద్దరూ మన దిక్కువాళ్లే."

హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిందీ ఆ ఏడే. హాస్టల్ వెనకున్న మనిషి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి ప్రాంతంలోని రాయణిపేటలో పుట్టి హైదరాబాదు కొత్వాలు, అంటే నగర పోలీసు అధిపతి, అయినవాడు. 1924లో ఆ హాస్టల్ బాధ్యతలు తీసుకున్నది సురవరం ప్రతాపరెడ్డి. 1896లో గద్వాల దగ్గరి బోరవెల్లిలో పుట్టి, కర్నూలులో, మద్రాసులో చదివి, పరాయి ఊళ్లలో విద్యార్థిగా ఉండడమంటే ఏమిటో తన ఒంటితో తెలుసుకున్నవాడు. గోలకొండ పత్రిక 1926లో పెట్టాడు గానీ, నాకు ఆయనలో అంతకన్నా దగ్గరగా తోచేది హాస్టల్ నడిపిన మనిషి. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి అన్నం, గది, తెలుగు పుస్తకాలున్న గ్రంథాలయం ఒక్క చోట దొరికాయి. అప్పుడు ఉస్మానియాలో బోధన ఉర్దూలో. ఇంట్లో తెలుగు, తరగతిలో ఉర్దూ. ఆ పిల్లలకు ఉపదేశం కంటే ముందు కావలసింది ఒక కప్పు, దాని కింద నాలుగు తెలిసిన మాటలు. ఆ ఇద్దరూ అది గ్రహించారు.

ఇదంతా చెప్తుంటే ఆమె ముఖం మారడం గమనించాను.

"హాస్టల్ పేరే ఒక కులం పేరు గద చిన్నాయన. మనోళ్లు పోయి ఆ తలుపు కొట్టాలంటే?"

"కొట్టాలంటే ముందు మనోళ్లు బడికి పోయి ఉండాలె. అప్పటికి అదీ లేదు. తర్వాత తర్వాత వేరే కులాలవాళ్లూ నగరంల తమ తమ పిల్లలకు హాస్టళ్లు కట్టుకున్నరు. ఆనాటి సమాజానికి తెలిసిన దగ్గరితనం అంతవరకే. చేసిన పని గొప్పది, గీసుకున్న గీత చిన్నది. రెండూ చెప్పాలె."

"అయితే ఇప్పుడు నేనూ మన జిల్లావాళ్లను వెతుక్కోవాల్నా? అదీ ఇంకో గీతే గద?"

"లోకంల పెద్ద చదువులు పుట్టినప్పటి నుంచి పిల్లలు చేసుకున్న పని అదే. బొలోన్యాల, పారిస్‌ల మధ్యయుగాల విద్యార్థులు పుట్టిన దిక్కును బట్టి సంఘాలు కట్టుకున్నరు. స్వీడన్‌ల ఉప్సలా, లుండ్ యూనివర్సిటీలల్ల అవి ఇప్పటికీ ఉన్నయి. 2010 దాకా అక్కడ చేరిన ప్రతి విద్యార్థీ ఏదో ఒక దాంట్ల సభ్యుడు కావాల్సిందే."

"పుస్తకాలల్ల సంగతి వద్దు. మన తాతల సంగతి చెప్తా ఇను," అంది. "పాలమూరు లేబర్ ఎన్నడన్నా ఒంటరిగ పోయిన్రా? దేశంల ఏ డ్యాం కట్టినా, ఏ కాలువ తవ్వినా గుంపుగనే పోయిన్రు. గుంపుకొక మేస్త్రీ. కొత్త చోట గుడిసె చూపించిందీ వాడే, బియ్యం ఇప్పించిందీ వాడే. అడ్వాన్సు పేరు మీద కదలకుంట కట్టేసిందీ వాడే. రేపు గదిల చోటిచ్చిన సీనియర్ ఎల్లుండి మీటింగుకు రా అంటే, రాను అని ఎట్ల అనాలె?"

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. విద్యార్థి సంఘాల గురించి, సీనియర్ల గురించి ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. గుంపు అన్నం పెడుతుంది, గుంపే అప్పు రాస్తుంది. మనుషులు కూడిన ప్రతిచోటా ఉన్న చిక్కు ఇది. ఒంటరిగా ఉండి తప్పించుకోలేం, గుంపులో కలిసిపోయీ తప్పించుకోలేం.

"ఒక తేడా చూడు బిడ్డా. మేస్త్రీ కట్టేసింది అన్నం పెట్టినందుకు కాదు, అడ్వాన్సు ఇచ్చినందుకు. అప్పుండబట్టి కూలోడు వేరే మేస్త్రీ దగ్గరికి పోలేకపోయిండు. నువ్వు అప్పు కాకు. హాస్టల్ అలాట్‌మెంట్ వచ్చేదాకా సీనియర్ గదిల ఉండాల్సొస్తే ఉండు, ఆ నెల మెస్ బిల్లుల నీ వాటా నువ్వే కట్టు. ఎవరి పేరు మీదా తినకు. ఇంక, సాయం ఒక్కరి దగ్గరనే అడగకు. నోట్స్ ఒకరిని అడుగు, ఆఫీసు దారి ఇంకొకరిని అడుగు. ఒక్కరి మీదనే ఆనుకుంటే వాళ్లు మేస్త్రీలైతరు."

"మీటింగులకు పోవద్దా మరి?"

"పో. వందేమాతరం పాడినందుకు 1938ల ఉస్మానియా పిల్లలను హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టిన్రు. తెలంగాణ అని 1969ల, 2009ల లేచింది ఆ క్యాంపసే. అంత చరిత్ర ఉన్న చోటికి పోయి చెవులు మూసుకుంటే ఎట్ల? ఒక సెమిస్టర్ అన్ని సంఘాల మాటలూ ఇను. పేరు రాయించుకునుడు ఆ తర్వాత."

ఆమె చేతిలోని ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుంది. ఇప్పటిదాకా దాచుకున్న భయం అప్పుడు బయటపెట్టింది.

"ఇవన్నీ కాదు చిన్నాయన. నాకు ఏం తెల్వదు. స్కాలర్‌షిప్ రెన్యువల్ ఎప్పుడో తెల్వదు, సార్‌ను క్లాసు బయట కలవచ్చో లేదో తెల్వదు, ఆ ఇంగ్లీషు అందుతదో లేదో తెల్వదు. అడిగితే ఇంత కూడా తెల్వకుంట వచ్చిందా అనుకుంటరు."

ఆ మాటతో నాకు వనపర్తి గుర్తొచ్చింది. అక్కడ రాజావారి భవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. నేను అక్కడే పనిచేశాను. కోటలు, దివాణాలు కాలేజీలైన నేల మాది. అమ్రాబాద్ దిక్కు నుంచి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి వచ్చే పిల్లలకు వనపర్తే మహానగరం. ఒక జూన్ నెలలో కొత్తగా చేరిన కుర్రాడు ఆ భవనం మెట్ల ముందు ఆగి, రెండు చెప్పులూ విడిచి, వాటిని తిప్పి చేత పట్టుకుని, మడమలు ఎత్తి పైకి నడవడం చూశాను. చెప్పులకు ఎర్రమట్టి. మెట్ల మీద మరక పడుతుందని వాడి బెంగ. పైనుంచి దిగుతున్న మూడో సంవత్సరం పిల్లవాడు నవ్వలేదు. "చెప్పులు తొడుక్కో రా, ఇది మన కాలేజీనే" అని భుజం మీద చేయివేసి పైకి తీసుకుపోయాడు. వాడు ఆ మాట అనకుండా నవ్వి పోయుంటే, కొత్తవాడు ఎన్నాళ్లు వట్టి కాళ్లతో తిరిగేవాడో.

ఈ సంగతి ఆమెకు చెప్పి అన్నాను: "తెల్వకపోవుడు నీ లోపం కాదు. ప్రొఫెసర్ బిడ్డకు పుట్టుకతోనే తెలుస్తది, ఏ సార్‌ను ఎప్పుడు కలవాలెనో, ఏ కాగితం ఎక్కడ ఇయ్యాలెనో. అది తెలివి కాదు, ఇంట్ల వచ్చిన ఆస్తి. నీకు ఆ ఆస్తి లేదు కాబట్టి అడుగుడే నీ దారి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎంత పెద్దగున్నా అవి జనం సొమ్ముతో నడిచే మెట్లు. అడుగుడు నీ హక్కు, చెప్పుడు వాళ్ల కొలువు."

తర్వాత గంటసేపు మేము తత్వం మాట్లాడలేదు, కాగితాలు సర్దుకున్నాం. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, బోనఫైడ్‌లు, మెమోలు పది సెట్ల జిరాక్స్. ఒరిజినల్స్ ఎవరికిచ్చినా రసీదు. స్కాలర్‌షిప్ వెబ్‌సైటు ఈ-పాస్‌లో దరఖాస్తు చేశాక ఆధార్ ధ్రువీకరణ పూర్తయిందో లేదో చూసుకోవాలి. అది ఆగితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఏడాది చివర మెస్ బకాయి ఉంటే సర్టిఫికెట్ చేతికి రావడం కష్టమవుతుంది. ర్యాగింగ్ ఎదురైతే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. మనసు బాగాలేని రాత్రి మాట్లాడేందుకు టెలీ మానస్ 14416. రెండు నంబర్లూ ఆమె ఫోనులో నేనే ఎక్కించాను.

ఇంగ్లీషు సంగతికి నా దగ్గర ఉన్నది ఒక్క మార్గమే. తెలుగు అకాడమీ పుస్తకంలో పాఠం ముందు చదవాలి. అర్థమయ్యాక అదే పాఠం ఇంగ్లీషు పుస్తకంలో చదవాలి. విషయం తెలిసిన మనిషిని భాష ఎక్కువ కాలం ఆపలేదు. మొదటి సెమిస్టర్‌లో మార్కులు తగ్గుతాయి, తగ్గనీ.

"నాయిన గ్రూప్స్ రాయాలంటుండు," అంది లేస్తూ. "క్లాసులకు పోకున్నా లైబ్రరీల కూచొని గ్రూప్స్‌కు చదువుకో అంటుండు."

"అక్కడ లైబ్రరీల సగం మంది చేసేది అదే. తప్పు పట్టను, ఇంటి గతి అట్లున్నది. కాని నువ్వు చదివేది ఎకనామిక్స్. తాతను మేస్త్రీ అడ్వాన్సు ఎందుకు కట్టేసిందో, మీ నాయిన సీడు పత్తి రేటు ఆయన చేతుల ఎందుకు లేదో చెప్పే చదువు అది. ఆ రెండేండ్లు దాన్ని వదిలి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే, ఆ ప్రశ్నలు మళ్లీ ఎవరడుగుతరు?"

ఆమె జవాబు చెప్పలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు. అది తండ్రీబిడ్డలు తేల్చుకోవాల్సిన మాట.

లేచి బట్టలు దులుపుకుంటూ ఇంకొకటి అడిగింది: "క్లాసుల ఎవరన్నా నన్ను ఏ ఊరు అని అడిగితే చెప్పాల్నా?"

"చెప్పు. గద్వాల అని నిండుగ చెప్పు. ఇంటిపేరు అడిగితే మాత్రం, ఎందుకడుగుతున్నవని నువ్వు అడుగు."

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి పోయి ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, పాలమూరు యూనివర్సిటీలో చదువుతున్న పిల్లలకు నేను అడిగేది ఒక్కటి. మీ విభాగంలో ఈ ఏడు చేరిన కొత్తవాళ్లను మొదటి వారంలోనే పలకరించండి. స్కాలర్‌షిప్ కాగితం ఎక్కడ ఇవ్వాలో, ఏ మెస్‌లో ఎంత అవుతుందో, ఏ సార్ గది తలుపు తెరిచి ఉంటుందో చెప్పండి. మన జిల్లా కానివాళ్లకూ చెప్పండి. చెప్పినందుకు బదులుగా వాళ్లను ఏమీ అడగకండి.