గడపయు ధర్మమును

మన కుటుంబములు నడవలేనివారిని విడిచిపెట్టుట లేదు. చేయిపట్టి స్నానమునకుఁ గొనిపోవుచున్నవి. ఇది దయ. అయినను దయతోడనే ధర్మము ముగియునా?

దేహశుద్ధికై ప్రతిదినమును మఱియొకరిని బిలిచి కాచుకొనుట యెంత సంకోచకరమో యోచింపుఁడు. ఆ పరాధీనతకు దేహ మొక్కటియే కారణము కాదు. మనము కట్టిన గోడలును గారణమే. చక్రముల కుర్చీ సులభముగా దూరుటకు ద్వారము 90 సెంటీమీటర్ల వెడల్పుండవలెను. మన స్నానపుగది తలుపులు తఱచుగా నంతకన్న నిఱుకు. నేల నునుపు, పట్టుకొని లేచుటకుఁ గమ్మి లేదు. వంటయింటి గట్టు నిలుచువారి కొలఁదినే కట్టఁబడినది. దాని క్రింద మోఁకాళ్లకుఁ జోటు లేదు. కావున వండ నేర్చినవారును బెట్టినది తినుచుఁ గూర్చుండవలసివచ్చుచున్నది.

2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ప్రజలు వచ్చిపోవు భవనములలో నిట్టి సౌకర్యములు కావలెనని విధించినది. సొంతయింటి స్నానపుగదిని దనిఖీ చేయుటకు మన మనస్సాక్షియే యధికారి.

గడప లేకున్న నీరు వెలికి వచ్చునని కొంద ఱందురు. నేలను దూమువైపు వాలుగాఁ బఱచినచో రాదు. ఇంటివారిలో నొకరు తమంతటఁ దాము స్నానమునకుఁ బోవుటకు గడప యడ్డమైనచో, దానిని దీసివేయుట దానము గాదు, ఋణము దీర్చుట.