కోత తరువాత మిగిలినది ఎవరిది?

విత్తినవాడు కోయుట లోకన్యాయము. ఎండనక వాననక శ్రమించిన రైతునకు తన ధాన్యముపై హక్కు కలదనుటలో ఎవ్వరికిని సంశయము లేదు. అయితే ధాన్యము ఇల్లు చేరిన పిదప పొలమున మిగిలిన గడ్డియు, కొయ్యకాళ్లును ఎవరి సొత్తు? వానిని రైతు తన యిచ్చవచ్చినట్లు తగులబెట్టవచ్చునా? ఈ ప్రశ్న స్వల్పముగా తోచవచ్చును. కాని విచారించినకొలది ఇది మానవునకును భూమికిని, ఆ యిరువురకును భగవంతునితో గల సంబంధమును గూర్చిన ప్రశ్నయే యగుచున్నది.

వేములవాడకు చేరువనున్న నాంపల్లి గుట్టపై లక్ష్మీనరసింహస్వామిని సేవించి, కోనరావుపేట దారి పట్టిన యాత్రికులకు యాసంగి కోతల కాలమున ఈ ప్రశ్న కన్నులయెదుటనే నిలుచును. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఈ మండలము వానలను, బావులను నమ్ముకొని బ్రతికిన మెట్టసీమ. నేడు ఈ మండలములోనే మల్కపేట వద్ద 3 టి.ఎం.సి.ల జలాశయము నిర్మింపబడినది. కోతలు ముగిసిన దినములలో రైతులు వడ్లు ఆరబోసి, తేమ 17 శాతమునకు తగ్గువరకు కొనుగోలు కేంద్రముల యొద్ద రాత్రింబవళ్లు కావలి కాయుదురు. మబ్బు పట్టిన గుండె ఝల్లుమనును. అదే సమయమున వెనుకనున్న మళ్లలో కొన్నిచోట్ల పొగ లేచుచుండును. యంత్రముతో కోసిన మడిలో కొయ్యకాళ్లు ఎత్తుగా నిలిచియుండును, గడ్డి చెదరిపడియుండును. పశువులు తగ్గిన యిండ్లలో దానిని మోసుకొనిపోవువారు లేరు. తరువాతి దుక్కికి తొందర. అగ్గిపుల్ల ఒక్కటి చాలును.

ఒక టన్ను వరిగడ్డిలో 5 కిలోలకు మించిన నత్రజనియు, సుమారు 2 కిలోల భాస్వరమును, 25 కిలోల పొటాషును, 400 కిలోల కర్బనమును ఉండునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నిప్పు పెట్టినచో కర్బనమును, నత్రజనియు దాదాపు పూర్తిగా గాలిలో కలియును. నేల పైపొరలోని సూక్ష్మజీవులు మాడిపోవును. పిదప ఆ నత్రజనినే యూరియా బస్తా రూపమున వెల యిచ్చి తెచ్చుకొనవలసి వచ్చుచున్నది. తన గాదెకు తానే నిప్పు పెట్టుకొని పొరుగింట గింజలు అప్పు అడుగుట వంటిది కదా ఇది!

శ్రీమద్భాగవతము చతుర్థస్కంధమున పృథుచక్రవర్తి కథ కలదు. వేనుని దుష్పరిపాలన తరువాత భూమి పంటల నీయక ఓషధులను తనలో దాచుకొన్నది. ఆకలిగొన్న ప్రజల మొర విని పృథువు విల్లెక్కుపెట్టగా, భూమి గోరూపము ధరించి పరుగెత్తి, తుదకు శరణుజొచ్చి తన మాట విన్నవించుకొన్నది. రక్షించువారు లేక, వ్రతహీనులు అనుభవించుచుండుటచేత ఓషధులను దాచితినని ఆమె చెప్పినది. తగిన దూడను, పాత్రను, పిదుకువానిని సమకూర్చుమనియు, దూడపై వాత్సల్యముచేతనే తాను పాలు చేపెదననియు కోరినది. వానకాలము దాటినను వాననీరు తనయందు నిలుచునట్లు తన్ను చదును చేయుమనియు వేడినది. పృథువు మనువును దూడగా జేసి ఓషధులను పిదికెను.

ఈ కథలో ధనుస్సు కార్యము సాధింపలేదని గమనింపవలెను. సాధించినది దూడ. పొలమునకు దూడ యేది? గడ్డిని, ఆకులమును తిని మట్టిని సారవంతము చేయు వానపాములు, కంటికి కానరాని క్రిములు మొదలైన జీవకోటియే యని భావింపవచ్చును. ఆ దూడకు మేత దక్కిన నేల గుల్లబారి నీటిని నిలుపుకొనును. అప్పుడు భూదేవి మూడవ కోరికయు నెరవేరును. దూడకు విడువక పిదుకువాని యింట పాడి నిలువదని మన పల్లెలలో ఎవ్వరికి తెలియదు?

ఇక తత్త్వము. భగవద్రామానుజులు వేదార్థసంగ్రహమున శేషశేషిభావమును నిరూపించిరి. ఇతరుని అతిశయము కొఱకే యుండుట శేషమునకు స్వరూపము. ఎవని కొఱకు ఉండునో అతడు శేషి. చేతనాచేతనములన్నియు భగవంతునకు శేషములు. రైతును శేషమే, పొలమును శేషమే. భూదేవి యన్ననో స్వామికి దేవేరి. ఒక సేవకుడు తనతోడి సేవకునిపై యజమానివలె వర్తింపరాదు గదా! కావున కోత తరువాత మిగిలినది రైతు తన యిష్టానుసారము నాశనము చేయదగిన సొత్తు కాదు. అది నేల పాలు. యజ్ఞశిష్టమును భుజించువారు పాపవిముక్తులగుదురని గీత మూడవ యధ్యాయము బోధించుచున్నది. భూమికి దక్కవలసినది దక్కిన తరువాత మనము తినునదే యజ్ఞశిష్టము.

మన పూర్వులు ఈ వేదాంతమును కల్లములోనే ఆచరించిరి. రాలిన కంకులను పరిగె యేరుకొనువారికి విడిచిరి. వరికంకుల కుచ్చులు కట్టి గుడి మండపమున పిచ్చుకలకు వ్రేలాడదీసిరి. గొల్లకుర్మల గొఱ్ఱెమందలను కోసిన చేనిలో రాత్రులు నిలిపి, కాపరికి గింజలిచ్చి, నేలకు ఎరువు పెట్టిరి.

అయితే ఇచట ఒక ఆక్షేపము కలదు. 2023 మార్చి, ఏప్రిల్ నెలలలో అకాలవర్షములు, వడగండ్లు కరీంనగరు ప్రాంతపు పంటలను నేలపాలు చేసినవి. అట్టి నష్టమున అప్పులపాలైన రైతునకు ధర్మోపదేశము చేయుట న్యాయమా? మరుసటి యేడు పొలము తనదగునో కాదో యెరుగని కౌలురైతు నేలకు ఎందుకు పెట్టవలెను? ఈ ఆక్షేపము త్రోసివేయదగినది కాదు. సారవంతమైన నేలయు వడగండ్లను ఆపజాలదు. కాని ఒక పంట పోయినను మరల విత్తుటకు చేవగల నేల మిగిలియుండుటయే రైతునకు నిజమైన ధైర్యము. ఆ ధైర్యమును నిలుపు భారము రైతు ఒక్కనిది కాదు. భూస్వామి నాలుగైదేండ్లకు కౌలు ఇచ్చి, జీలుగ, జనుము విత్తనముల ఖర్చులో పాలు పంచుకొనవలెను. ఆ పైరును పూతవేళ, సుమారు 45 రోజులకు, కలియదున్నుట ఉత్తమమైన ఎరువు. దేవాలయ మాన్యములను కౌలుకిచ్చు ధర్మకర్తలకును ఈ మాట వర్తించును.

అన్నము తినువారికిని వర్తించును. రైతును మన ఆకలికి ఉపకరణముగా మాత్రమే చూచినచో మనము ఆతనికి శేషులమని చెప్పుకొన్నట్లే. అది స్వామికే చెల్లిన స్థానము. నేలను కాపాడి పండించిన ధాన్యమునకు తగిన వెల యిచ్చుట కైంకర్యములో భాగమే. తెలంగాణలో ఏనెబావి గ్రామము రసాయనములను ఊరంతయు విడిచినదని 2006లో ప్రసిద్ధికెక్కినది. 2021లో తిరుమలలో గో ఆధారిత వ్యవసాయమున పండిన బియ్యముతో శ్రీవారికి నైవేద్యము సమర్పించు ప్రయత్నము జరిగినది. స్వామి ఆరగింపునకు ఏ బియ్యము తగునని విచారించు భక్తుడు, ఆ బియ్యము పండిన మడిలో ఏమి మిగిలినదనియు విచారింపవలెను.

వడ్లు గాదెకు, పరిగె పేదకు, కంకి పిచ్చుకకు, గడ్డి పశువునకును నేలకును చేరిన నాడు కోత సంపూర్ణమగును. భూదేవీ సమేతుడైన శ్రీమన్నారాయణుడు కర్షకలోకమునకు సుభిక్షమును, మనకు ఆ ఋణమును గుర్తెరుగు బుద్ధిని ప్రసాదించుగాక!