అశరణ భావన

ద్వాదశానుప్రేక్షలలో రెండవది అశరణ భావన. మృత్యువు వచ్చిననాడు ధనముగాని, బంధువులుగాని కాపాడజాలరని అది తెలుపును. దివాలా తీసి, దుకాణము మూసి, దిక్కుతోచక గుమ్మమున నిలిచిన పాత భాగస్థునితో "ఎవరికెవరు శరణము?" అనుట మాత్రము భావన కాదు, తలుపు వేయుటయే. ఆ చింతన ఎవరికి వారు చేసికొనవలసినది. చతుర్విధ దానములలో అభయదానమును చేరియున్నది గదా!

ముంబాయిలో 1834లో వెలసిన పాంజరాపోలులో వట్టిపోయిన ఆవుకు సైతము చోటు కలదు. అది పాలెన్ని ఇచ్చునని అడుగువారు లేరు. కుంటి ఎద్దుకు లేని విచారణ మనుష్యునికేల? ధర్మశాలలో ఇన్ని దినములే యుండవలెనను నియమము యాత్రికునికి తగును. అతనికి తిరిగిపోవుటకు ఇల్లున్నది. వీనికి లేదు. బాకీల సంగతి పెద్దలు నిదానముగా తేల్చవచ్చును. ప్రొద్దు గ్రుంకక మునుపే అతనికి భోజనము పెట్టవలెను.