పాట విన్నాకే రింగు తిప్పు

అమ్మడూ,

పాత రష్యన్ లెన్స్ ఒకటి కొన్నావనీ, సంక్రాంతికి వచ్చినప్పుడు మన వీధుల్లో హరిదాసులనీ గంగిరెద్దులవాళ్లనీ దాంతోనే తీస్తానంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. హీలియోస్ 44-2 తీసిపారేసే సరుకు కాదు. జర్మనీవాళ్ల జైస్ బయోటార్ నమూనాను పట్టుకుని సోవియట్ యూనియన్‌లో కుప్పలు తెప్పలుగా తయారుచేశారు దాన్ని. జెనిట్ కెమెరాలకు బిగించి అమ్మేవాళ్లు. 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. ఆటోఫోకస్ అన్నది దాని పుట్టుకలోనే లేదు కాబట్టి ఈ పెదనాన్న మాట కాస్త విను.

ముందు పరికరం సంగతి తేల్చేద్దాం. అది మరచుట్టుతో బిగించే లెన్స్, 42 మిల్లీమీటర్ల మర. నీ మిర్రర్‌లెస్ కెమెరాకి అడాప్టర్ అంటే అద్దం లేని ఉత్త గొట్టమే, పెద్ద ఖర్చు కాదు. లెన్స్ లేదనుకుని కెమెరా మొరాయిస్తుంది, మెనూలో లెన్స్ లేకపోయినా షటర్ పడేలా పెట్టుకో. చెయ్యి వణుకు ఆపే ఏర్పాటు నీ కెమెరా బాడీలో ఉంటే దానికి 58 అని నువ్వే చెప్పాలి. ఇంటికి తెచ్చిన రోజే టార్చిలైటు వేసి లోపల సాలెగూడులాంటి పోగులు ఏమైనా కనిపిస్తున్నాయేమో చూడు. అది ఫంగస్. మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో దానికి పండగే. తోలు సంచిలో పెట్టి బీరువాలో మరిచిపోకు. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచు.

ఇక అసలు సంగతికి వస్తాను. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటినుంచి సంక్రాంతి దాకా తెల్లవారకముందే దాసుగారు మన వీధిలోకి వస్తారు. తలమీద రాగి అక్షయపాత్ర, ఒక చేతిలో తంబుర, ఇంకో చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు. చిన్నప్పుడు నువ్వు దోసిట్లో బియ్యం పట్టుకుని పరుగెత్తేదానివి. కానీ ఆయన్ని ఒక కళాకారుడిగా నువ్వెప్పుడూ చూడలేదు, ఇప్పుడు చూడు. పాత్ర తలమీదికి ఎక్కాక తిరిగి ఇల్లు చేరేదాకా దాన్ని దించకూడదు, హరినామం తప్ప వేరే మాట మాట్లాడకూడదు. అది వాళ్ల నియమం. అంటే నువ్వు వీధిలో ఎదురెళ్లి "ఫోటో తీసుకోనా అండీ?" అని అడిగితే, ఆయన జవాబు చెప్పలేరు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు తల్లీ. ముందురోజు ఆయన తిరుగుడు ముగించుకుని పాత్ర దించాక, ఇంటికి వెళ్లి అడుగు. కూర్చోమంటారు, ఏ ఊరు, ఎవరమ్మాయివి అని విచారిస్తారు. ఏ వీధి తర్వాత ఏ వీధి, ఏ కీర్తన ఎక్కడ ఎత్తుకుంటారు అన్నీ అప్పుడే తెలుసుకో. నీ లెన్స్‌కి కావలసింది కూడా ఆ సమాచారమే.

ఎందుకంటే, చేత్తో తిప్పే లెన్స్‌తో కదిలే మనిషిని వెంటాడలేవు. ఆయన ఎక్కడికి వస్తారో ముందే తెలిసుండాలి. అక్కడ ఫోకస్ పెట్టుకుని ఎదురుచూడాలి. మూడు మీటర్ల దూరంలో ఫోకస్ పెట్టి, ఎఫ్/8 దగ్గర ఉంచావనుకో, నీ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో దాదాపు రెండున్నర మీటర్ల నుంచి మూడు ముప్పావు మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఆ జాగాలోకి దాసుగారు నడిచి వచ్చినప్పుడు నొక్కడమే. అదే ఎఫ్/2 తెరిచి, రెండు మీటర్ల దగ్గర తీస్తే స్పష్టత ఉండేది పధ్నాలుగు సెంటీమీటర్లు. ముక్కు కొస నుంచి చెవి దాకా సరిపోతే సరిపోయినట్టు. ముందుకు చాచిన చిడతల చెయ్యి మసకబారిపోతుంది.

మన అరుగు అంచున నిలబడి వీధిలో ముగ్గు మధ్యకి ఎంత దూరమో టేపు పెట్టి కొలుచుకో. లెన్స్ మీద మీటర్ల అంకెలు ఉన్నాయి కదా, కన్ను కెమెరాకి ఆనించకుండానే అనంతం నుంచి మూడు మీటర్లకి రింగు ఎంత తిరగాలో వేళ్లకి అలవాటు చెయ్యి. హీలియోస్‌లో ఎపర్చర్ రింగులు రెండు ఉంటాయి. టక్‌టక్‌మనే రింగుని ఎఫ్/5.6 దగ్గర పెట్టుకో. శబ్దం లేకుండా తిరిగే రెండో రింగుతో పూర్తిగా తెరిచి, వెలుతురులో కంటి దగ్గర ఫోకస్ సరిచూసుకో. తర్వాత ఆగేదాకా మూసి నొక్కు. వారం రోజులు వీధిలో వెళ్లే పాలబ్బాయిల మీద సాధన చేస్తే చాలు, చూడకుండానే వస్తుంది.

ఇప్పుడు పాట విను. కెమెరా మెడలోనే ఉండనీ. మొదటిరోజు ఒక్క ఫోటో కూడా తీయకుండా ఆయన వెనక నాలుగు వీధులు నడిచి రా. కీర్తన సాగుతున్నంతసేపూ నడుస్తూనే ఉంటారు. గుమ్మం ముందు ఆగినప్పుడు పల్లవి అందుకుంటారు. చిడతలు కొట్టిన ప్రతిసారీ ఆ చెయ్యి లిప్తపాటు నిలుస్తుంది. గాలి పీల్చుకునే ముందు గడ్డం కొద్దిగా పైకి లేస్తుంది. ఇవన్నీ చెవితో పట్టుకోవలసినవి. తర్వాత ఏదో ఒక ఇంట్లోంచి పిల్ల బియ్యం పట్టుకుని వస్తుంది. ఆమెకి పాత్ర అందాలి కదా, దాసుగారు పాత్ర చెదరకుండా మోకాలు వంచి కిందికి దిగుతారు. అప్పుడు తంబుర మోగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం కదలడు. గింజలు రాలేంతసేపూ ఆయన ముఖం ఒకే దూరంలో నిలిచి ఉంటుంది. మాన్యువల్ లెన్స్ ఉన్నవాళ్లకి దొరికే గొప్ప అవకాశం అదే. పాట తెలియనివాళ్లకి అది ఎప్పుడు వస్తుందో తెలియదు.

ఈ లెన్స్‌తో ఎఫ్/2లో తీస్తే వెనకున్న ఆకులు, దీపాలు సుడి తిరిగినట్టు వస్తాయి. దాన్ని చూసి మోజుపడే జనం చాలామంది. నువ్వూ రెండుమూడు తీసుకో, వద్దనను. కానీ అదే పనిగా తీయకు. దాసుగారి వెనక ముగ్గుంది, గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలున్నాయి, తలుపు రెక్క పట్టుకుని తొంగిచూస్తున్న ముసలమ్మ ఉంది. వాటన్నిటినీ సుడిలో కలిపేస్తే, ఆయన ఎక్కడ పాడుతున్నారో ఎవరికీ తెలియదు. ఎఫ్/5.6లో తీయి. వీధి వీధిలా కనిపించాలి.

వెలుతురు సంగతి ఒక్కటి చెబుతాను. తోమిన రాగి పాత్ర ధగధగలాడుతుంది, దాని కింద ముఖం నీడలో ఉంటుంది. మీటరు పాత్రని చూసి మోసపోతుంది. ముఖం మీద కొలత తీసుకో, పాత్ర కాస్త తెల్లబడినా ఫరవాలేదు. పొద్దు ఎక్కాక ఎదురుఎండలో ఈ పాతకాలం పూత తెల్లటి పొర కమ్మినట్టు చేస్తుంది. హుడ్ పెట్టు, లేదా ఎడమచేత్తో ఎండ అడ్డుకో. ఇంకా వెలుగు రాని వేళ ఎఫ్/2, 1/125, ఐఎస్‌ఓ 1600 నుంచి మొదలుపెట్టు. చిడతల చెయ్యి కదలిక కావాలనుకుంటే షటర్ 1/60కి దించు.

గంగిరెద్దులవాళ్ల పద్ధతి వేరు. సన్నాయి, డోలు, మధ్యలో తల ఊపే ఎద్దు. నువ్వు ఎద్దునే చూస్తావు, అందరూ అంతే. సన్నాయి ఊదే ఆయన బుగ్గలు చూడు, వేళ్లు చూడు. ఎద్దుకి మరీ దగ్గరగా వెళ్లొద్దు, ఎదురుగా నిలబడొద్దు. తెలంగాణ వైపు వెళ్తే కిన్నెర వాయించేవాళ్లు దొరుకుతారేమో అడుగు. నాగర్‌కర్నూల్ జిల్లాకి చెందిన దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, పన్నెండు మెట్ల కిన్నెర ఆయనది. సొరకాయ బుర్రలు, వెదురు కర్ర, దాని మీద మెట్లు. చరణం ముగిశాక మెట్ల మీద వేళ్లు పరుగెత్తే చోటుంటుంది, అక్కడ ఫోకస్ చేతుల మీదకి మార్చుకో.

ఇప్పుడు కొందరు హరిదాసులు మోటారు సైకిల్ మీద స్పీకరు పెట్టుకుని వస్తున్నారు. 2021లో గంగిరెద్దు నుదుటికి క్యూఆర్ కోడ్ కట్టిన వీడియో దేశమంతా తిరిగింది. "అసలుది కాదు" అని నువ్వు ముఖం తిప్పుకోకు. స్పీకరునీ బండినీ ఫ్రేములోంచి తప్పించి పాతకాలంలా చూపించాలనే ఆత్రం మంచిది కాదమ్మా. ఆ మనిషి ఇవాళ బతుకుతున్న తీరు అదే, నీకు దొరికిన అదృష్టం కూడా అదే. ఉన్నదున్నట్టు తీయి.

కెమెరా పైకి ఎత్తకముందే చాటలోంచి దోసెడు బియ్యమో, పది రూపాయలో ముందు వేసెయ్యి. ఫోటో తీశాక డబ్బు ఇస్తే అది కూలి అవుతుంది. ముందు వేస్తే గడపలో గృహిణి వేసినట్టే ఉంటుంది, ఆయన నిన్ను ఊళ్లో అమ్మాయిగానే చూస్తారు. తీసినవాటిలో మంచివి రెండు పెద్దవిగా ప్రింటు వేయించి తీసుకెళ్లి ఇవ్వు. ఫోన్లో పంపి ఊరుకోకు. ఆయన ఇంట్లో గోడమీద దేవుడి పటాల పక్కన ఆ ఫోటో ఉంటే వచ్చే ధనుర్మాసంలో నువ్వు అడగనక్కర్లేదు.

ఎక్కడైనా పెట్టేటప్పుడు ఆయన పేరు పెట్టవచ్చో లేదో ఆయన్నే అడుగు. పెట్టొద్దంటే పెట్టకు. పెట్టమంటే పేరుతోపాటు ఊరు, ఏ కీర్తన పాడుతుండగా తీశావో రాయి. బియ్యం వేస్తున్న పిల్ల కనిపిస్తే వాళ్ల అమ్మనీ అడగాలి. ప్రింటు వెనక తేదీ, వీధి పేరు పెన్సిలుతో రాసుకో, సిరా అయితే కాగితం ముందువైపుకి దిగుతుంది. మీ నాన్నకి చెప్పి నాకూ ఒక కాపీ పంపించు, ఎదర వీధి దాసుగారిదైతే ఇంకా మంచిది.