అస్తమయ సౌందర్యం, ఎర్రమట్టి దిబ్బలు: అనుభవానికి హద్దు

తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలో అస్తమించడు. విశాఖపట్నం, భీమునిపట్నాల నడుమనున్న ఎర్రమట్టి దిబ్బలపై నిలిచిన సందర్శకునికి సూర్యబింబం వెనుకవైపు కొండల మాటున దాగుతుంది. ఎదుటి సముద్రం ఆ వెలుగును కొంతసేపు నిలుపుకుంటుంది. ఆ కొద్ది నిమిషాలలో దిబ్బల ఎరుపు చిక్కనవుతుంది. ఈ దృశ్యం ఎందరు చూసినా తరగదు. ఒకరి ఆనందం మరొకరి వాటాను తగ్గించదు. దిబ్బ విషయం అట్టిది కాదు. ప్రతి అడుగూ దాని నుండి కొంత ఇసుకను జారుస్తుంది. తరగని సౌందర్యాన్ని తరిగిపోయే నేలపై నిలిచి చూడవలసి రావడంలోనే నైతిక ప్రశ్న ఉన్నది.

గడచిన హిమయుగంలో సముద్రమట్టం నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువకు పోయినప్పుడు బయటపడిన ఇసుకను గాలులు ఒడ్డున పోగుచేశాయని భూవిజ్ఞానులు చెబుతారు. రేణువులపై ఇనుప ఆక్సైడు పూత ఏర్పడి ఎరుపు వచ్చింది. వాననీరు కోసి లోతైన గెడ్డలను చేసింది. దక్షిణాసియాలో ఇట్టి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడు, శ్రీలంక తీరాలలో తప్ప అరుదు. 2025లో ఈ దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

వాన ఇంతగా కోస్తుండగా ఒక మనిషి అడుగు ఏపాటిదని వాదించవచ్చు. కాని వానకు ఎంపిక లేదు, మనిషికి ఉన్నది. బాధ్యత మొదలయ్యేది అక్కడే. అట్లని చుట్టూ కంచె కట్టడం పూర్తి సమాధానం కాదు. చూడని దానిపై ప్రజలకు మమకారం పుట్టదు. మమకారం లేని వారసత్వాన్ని శాసనం ఒక్కటే ఎంతకాలమో కాపాడలేదు.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. నడిచేవాని క్షేమమూ, దిబ్బ క్షేమమూ ఒకే నియమాన్ని కోరుతాయి. గెడ్డ అంచున ఇసుక పట్టు తక్కువ. అక్కడ నిలిచినవాడు జారితే అంచూ విరుగుతుంది. వాన వెలిసిన వెంటనే గోడలు కూలవచ్చు. ఆ తడినేలపై నడక కొత్త కోతలకు దారి తీస్తుంది. ఈ అక్షాంశాలలో సంధ్య త్వరగా ముగుస్తుంది. ఒకదానినొకటి పోలిన గెడ్డలలో చీకటి పడితే దారి తప్పడం సులభం, దారి తప్పినవాడు తొక్కరాని చోటులు తొక్కడం అంతకంటె సులభం. కనుక ఉన్న బాటనే నడవడం, అంచుకు ఎడంగా ఆగడం, వెలుగుండగానే మరలడం భయానికి గుర్తులు కావు; అవి మర్యాదలు.

సమీపంలోని తొట్లకొండపై పూర్వం బౌద్ధ భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి వాననీటిని నిలుపుకున్నారు. కొండకు ఆ పేరే నిలిచింది. నేలను తాకకుండా మనిషి జీవించలేడు. అయితే అవసరానికి తొలిచిన తొట్టికీ, క్షణకాలపు ముచ్చటకు విరిగిన అంచుకూ భేదం ఉన్నది. ఆ భేదం తెలిసినవాడు అస్తమయాన్ని రెండడుగులు వెనుక నిలిచి చూస్తాడు. అందువల్ల అతనికి కలిగే నష్టం ఏమీ లేదు. మరునాటి సందర్శకునికి మిగిలేది మాత్రం చాలా ఉన్నది.